గ్యాలరీ గోడ మీద గాజు పట్టీలు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నేను పనిచేసింది హాస్పిటల్ ల్యాబ్‌లో. రక్తం, మూత్రం, మైక్రోస్కోపు, మధ్యాహ్నం ఒక చల్లారిన కాఫీ, ఇదీ నా జీవితం. ఎవరైనా "మా ఇంట్లో ఏదో తిరుగుతోందండీ" అంటే, ముందు ఎలకలున్నాయేమో చూసుకోమనేదాన్ని. కాబట్టి ఇది దయ్యం కథ అనుకోకండి. నాకూ, మా ఆయనకూ, ఒక ఇంటికీ మధ్య జరిగిన గొడవ ఇది.

డెబ్భైల చివర్లో పెళ్లయి న్యూజెర్సీ వచ్చాను. మా ఆయన మూర్తిగారు స్ట్రక్చరల్ ఇంజనీరు. పాత కట్టడాలకు మరమ్మతులు చేసే చిన్న కంపెనీలో పని. చర్చిలు, రైల్వే స్టేషన్లు, పాత మిల్లులు చూసేవారు. సాయంత్రం ఇంటికొచ్చి చారన్నం తిని, నాతో కబుర్లు చెప్పేవారు. ఆ రెండు మూడేళ్లు మా కాపురం బాగానే ఉంది.

ఎనభైల మొదట్లో ఆ ఇల్లు వచ్చింది.

ఉత్తర న్యూజెర్సీ కొండల్లో ఉంది అది. అందరూ మేనర్ అనేవారు. నిజానికి అది అమెరికాలో పుట్టిన ఇల్లు కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు పల్లెలో ఎవరో జమీందారు కట్టుకున్నది. ఇక్కడి కోటీశ్వరుడొకాయన మోజు పడి కొని, దూలం దూలం విప్పించి, ఒక్కోదానికి నంబరు కొట్టించి, ఓడలో తెప్పించి, ఈ కొండ మీద మళ్లీ నిలబెట్టించాడు. తీరా ఇల్లు లేచాక ఆయన భార్య అందులో ఒక్కరోజు కూడా ఉండనందట. ఎందుకో ఎవరికీ తెలియదు. తర్వాత ఇల్లు ఒక ట్రస్టు చేతికొచ్చింది. పైకప్పు కారుతోందని, గోడలు బీటలిస్తున్నాయని ట్రస్టు వాళ్లు మా ఆయన కంపెనీకి పని అప్పజెప్పారు. ఒక్క వేసవి పని అన్నారు. రెండేళ్లయినా తెమల్లేదు.

ముందు నేనేమీ అనుకోలేదు. ఉద్యోగం కదా అని ఊరుకున్నాను. తర్వాత తర్వాత ఆదివారాలు కూడా వెళ్లడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చినా ఆ కబుర్లే. అంతకుముందు ఎవరో గోడలకు సిమెంటు పూశారట, దానివల్ల లోపల చెక్కకు ఊపిరాడక కుళ్లిపోయిందట. ఆ సిమెంటంతా ఉలితో కొట్టి, గుర్రపు వెంట్రుకలు కలిపిన సున్నం పూయించారు. ఇనప మేకులు పీకించి చెక్క మేకులు కొట్టించారు. అక్కడి వడ్రంగులు ఇంటిని ఆడమనిషిలా "షీ" అంటారు కదా, ఈయన అదే ఇంటికి మోసుకొచ్చారు. "ఆవిడకి ఇవాళ కాస్త నయంగా ఉంది" అంటూ షూ విప్పేవారు. ఎవరావిడ అని అడిగితే నవ్వేవారు.

నాకు ఒళ్లు మండేది. అసూయ అంటే అసూయే, వేరే పేరు పెట్టను. నేను జుట్టు కత్తిరించుకుని వచ్చిన సంగతి వారం దాకా కనిపెట్టని మనిషి, ఆ ఇంటి కిటికీ చెక్క వెంట్రుకవాసి వంగితే కనిపెట్టేవారు. తలకి కాస్త నూనె పెట్టండి అంటే టైం లేదన్న మనిషి, అక్కడ చెక్క పలకలకి అవిసె నూనె చేత్తో రుద్ది రుద్ది పట్టించేవారు. ఆ నూనె వాసనతోనే ఇంటికొచ్చేవారు. పరాయి ఆడదాని సెంటు వాసనైతే కనీసం నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. అవిసె నూనె వాసన గురించి ఎవరితో చెప్పుకోను?

ఇంతలో నాకు హ్యూస్టన్‌లో ఒక పెద్ద హాస్పిటల్ నుంచి ఆఫర్ వచ్చింది. ల్యాబ్ సూపర్‌వైజర్ ఉద్యోగం. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది అదే. మా ఆయనకు కూడా అక్కడ ఉద్యోగాలకు కొదవలేదు. కొత్త సంవత్సరంలో చేరాలన్నారు.

"తప్పకుండా వెళ్దాం. మేనర్ పని అవ్వగానే," అన్నారు మా ఆయన.

ఆ పని అవడం మాత్రం ఒక్క గోడ మీద ఆగి ఉంది. మేడ మీద పొడుగాటి గ్యాలరీ ఉంది. దాని చివర పెద్ద పొయ్యి. ఆ పొయ్యి గోడకి పైనుంచి కిందికి బీట. బీట ఇంకా కదులుతోందా, ఆగిందా తెలుసుకోవడానికి మా ఆయన దానికి అడ్డంగా సన్నటి గాజు పట్టీలు నాలుగైదు అతికించారు. మేస్త్రీలు వాటిని టెల్‌టేల్ అంటారు. గోడ ఏమాత్రం కదిలినా గాజు పగులుతుంది. శీతాకాలం వచ్చి, హీటింగ్ వేశాక కూడా గాజు నిలిచిందంటే గోడ స్థిరపడినట్టు. అప్పుడు కాయితాల మీద సంతకాలు పెట్టి బయటపడొచ్చు. అంటే నా హ్యూస్టన్ ఆ గాజు ముక్కల మీద ఆధారపడి ఉందన్నమాట.

ఆ ఏప్రిల్‌లో ఒక ఆదివారం నేనూ వస్తానన్నాను. నా మొగుణ్ణి ఇంతగా పట్టుకున్నదాన్ని ఒకసారి చూడాలనిపించింది. పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్లాం. ఇల్లు బాగుంది, అబద్ధమెందుకు. నల్లబడిన ఓక్ దూలాలు, సీసం చట్రాల కిటికీలు, మెట్ల మీద మనుషులు నడిచి నడిచి పడ్డ గుంటలు. మా ఆయన నన్ను గ్యాలరీలోకి తీసుకెళ్లి, నా భుజం మీద చెయ్యి వేసి, గాజు పట్టీలు చూపించారు. ఒకటి టిక్కుమంది. ఇద్దరం చూస్తుండగానే మధ్యకి పగిలింది.

ఎండ పడి గోడ వ్యాకోచించి ఉంటుందన్నారు ఆయన. సరే అనుకున్నాను. కొత్త పట్టీ అతికించారు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆ రోజు మబ్బుగా ఉంది, ఎండ లేదు. గ్యాలరీలో కిటికీ అరుగు మీద కూర్చుని ఇద్దరం తింటున్నాం. ఆవకాయ ముక్క ఆయన కంచంలో వేస్తున్నాను. టిక్కుమంది. ఈసారి ఇంకో పట్టీ.

మా ఆయన చెయ్యి కడుక్కుని, చాలాసేపు గోడ దగ్గరే నిలబడ్డారు. కారెక్కాక అన్నారు.

"శారదా, ఏమీ అనుకోకు. గోడ కుదురుకునేదాకా కొన్నాళ్లు నువ్వు రాకు."

"నేనొస్తే గోడ కదులుతుందా?"

"అలా అని కాదు. ఎందుకొచ్చిన రిస్కు."

నాకు ఏడుపొచ్చింది. పెళ్లాన్ని ఇంట్లోకి రావద్దనడం నేనెక్కడా వినలేదు, అదీ ఇంకో ఇంటి తరఫున. ఇంటికొచ్చాక రెండు రోజులు నేను వంట చెయ్యలేదు. మూడో రోజు నా ల్యాబ్ బుద్ధి పనిచేసింది. ఏ కారణానికి ఏ ఫలితం వస్తుందో తేల్చాలంటే, ఒక్కొక్కటే మార్చి చూడాలి కదా. అలాగే చూద్దామనుకున్నాను.

మేనర్‌ని చూసుకోవడానికి ట్రస్టు పెట్టిన ఆవిడ పేరు మార్గరెట్. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా బూట్లు, కబుర్ల మనిషి. మా ఆయన న్యూయార్క్ మీటింగుకి వెళ్లిన రోజు నేను సెలవు పెట్టి, డ్రైవ్ చేసుకుంటూ మార్గరెట్ దగ్గరికి వెళ్లాను. గ్యాలరీలో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. అటూ ఇటూ నడిచాను, గోడ దగ్గర కావాలని కాలితో నేల తన్నాను కూడా. గాజు చెక్కు చెదరలేదు. అంటే గాజు పగిలేది నేను వెళ్లినందుకు కాదు.

మా ఆయన ఒక్కరే రోజూ అక్కడే ఉంటారు, ఏమీ కాదు. ఆయనా మార్గరెట్టూ కలిసి తిరుగుతారు, ఏమీ కాదు. చుట్టుపక్కల నుంచి మొగుడూ పెళ్లాలు టూరుకొస్తారు, చేతులు పట్టుకుని ఆ గోడ ముందే నిలబడతారు, ఏమీ కాదు.

తర్వాతి వారం ఆయన వద్దంటున్నా వినకుండా వెళ్లాను. మార్గరెట్‌ని కూడా గ్యాలరీలో నిలబెట్టాను, సాక్ష్యం ఉండాలని. నేను వెళ్లి మా ఆయన పక్కన నిలబడ్డాను. టిక్కుమంది. మార్గరెట్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ మై. షీ డజంట్ లైక్ యూ టుగెదర్," అంది. మేమిద్దరం కలిసుంటే ఆ ఇంటికి గిట్టదట.

మా ఆయన కొత్త గాజు తేవడానికి కిందికి వెళ్లారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన ముఖంలో భయం లేదు. ఒక రకమైన గర్వం ఉంది. తనకోసం ఇద్దరు కొట్టుకుంటుంటే మగాడి ముఖంలో కనబడుతుందే, అది.

అక్కడినుంచి నా బతుకు నరకమైంది. హ్యూస్టన్ వెళ్లాలంటే గాజు నిలవాలి. గాజు నిలవాలంటే నేను అటు వెళ్లకూడదు. అంటే నా మొగుణ్ణి నేను తెచ్చుకోవాలంటే, ముందు వాళ్లిద్దర్నీ ఏకాంతంగా వదిలేయాలి. ల్యాబ్‌లో స్లయిడు చూస్తూ చూస్తూ, ఈపాటికి ఆ చెక్కలకి నూనె రాస్తూ ఉంటారు అనుకునేదాన్ని. పైగా అదే వేసవిలో ట్రస్టు వాళ్లు మా ఆయనకు ఇంకో మాట చెప్పారు. గేటు దగ్గర కాటేజీ ఇస్తాం, అక్కడే ఉండి ఇంటిని శాశ్వతంగా చూసుకోమన్నారు. ఈయన వద్దని చెప్పకుండా, "ఆలోచిద్దాం" అన్నారు. నాకు ఆ ఒక్క మాట చాలు, మూడు నెలలు నిద్రలేకుండా చేయడానికి.

ఆగస్టులో కాకినాడ నుంచి మా అత్తయ్య వచ్చారు. మా అపార్ట్‌మెంటు గుమ్మానికి గడప లేదు, అల్యూమినియం పట్టీ ఉంది. దానికే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారావిడ. కొడుకు పొద్దస్తమానం ఎక్కడ ఉంటున్నాడో చూస్తానన్నారు. అది శ్రావణ శుక్రవారం. ఆయన అప్పటికే పనిలో ఉన్నారు. నేను అత్తయ్యని కార్‌లో తీసుకెళ్లాను కానీ, మేనర్ సింహద్వారం ముందు ఆగిపోయాను.

"లోపలికి రావేవిటే అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వంగి, ఆ వెడల్పాటి ఓక్ గడపని వేలితో తడిమి చూశారు.

"ఊరు కాని ఊరు తీసుకొచ్చి నిలబెట్టేరు. పాలు పొంగించేరా? గడపకి పసుపు రాసేరా? ఇన్నాళ్లైనా ఓ ఇల్లాలి చెయ్యి పడలేదు దీని మీద. మరి కుళ్లుకోక ఏం చేస్తుందే?"

సంచీలోంచి పసుపు పొట్లం, కుంకుమ భరిణె తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు రాయి. నేను కాదు."

నేను కాదనలేదు. ఫ్లాస్కులోని నీళ్లు టిఫిన్ గిన్నెలో పోసి పసుపు కలిపాను. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఆ గడప ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాశాను. భక్తితో రాశానని చెప్పను. కసితో రాశాను. ఇక్కడ ఇల్లాలిని నేను, నువ్వు ఇల్లువి, ఇల్లులా పడుండు అని మనసులో అనుకుంటూ రాశాను. బొట్లు పెట్టి లేచేసరికి ఎదురుగా మార్గరెట్.

ఆ అరుపు నాకింకా గుర్తే. నాలుగు వందల ఏళ్ల ఓక్ చెక్క అది. దానికి వేలెడు నూనె రాయాలంటే కమిటీ కూర్చుంటుంది. నేను గిన్నెడు పసుపు పట్టించాను. మా ఆయన పరుగెత్తుకొచ్చారు. గడప చూసి అక్కడే కూలబడ్డారు. తడిగుడ్డ తెచ్చి తుడిచారు, స్పిరిట్ తెచ్చి తుడిచారు. పైది పోయింది కానీ చెక్క ఈనెల్లోకి దిగిన పసుపు పోలేదు.

"గడపకి పసుపు రాస్తే ఇల్లు పాడవుద్దేవిట్రా?" అన్నారు అత్తయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ.

పసుపు రంగు ఎండకి నిలవదు, కొన్నాళ్లకి దానంతటదే వెలిసిపోతుందని నేను చెబుతున్నాను. ఆయన వినకుండా పెద్ద పెద్ద అంగలేస్తూ మేడెక్కారు. నేనూ వెంటపడ్డాను. గ్యాలరీలో నిలబడి ఇద్దరం పెద్దగా పోట్లాడుకున్నాం. మా పెళ్లయ్యాక అంత పోట్లాట అదే. మేడ మీదికి రానే కూడదన్న సంగతి మరిచిపోయాను. నూనె దగ్గర్నుంచి హ్యూస్టన్ దాకా అన్నీ కక్కేశాను. ఆయన కూడా ఊరుకోలేదు. గొంతులు ఎండిపోయాక ఇద్దరం ఒకేసారి గోడ వైపు చూశాం.

గాజు పట్టీలు అన్నీ నిలిచి ఉన్నాయి.

ఆ తర్వాత ఒక్కటి కూడా పగల్లేదు. పసుపు సంగతి సర్దుమణిగాక నేను వెళ్లడం మొదలుపెట్టాను. ముందు పరీక్ష కోసం వెళ్లాను. తర్వాత ఊరికే వెళ్లాను. మా ఆయన పక్కన నిలబడినా, ఆయన భుజం మీద తల పెట్టినా గోడ నిశ్శబ్దంగా ఉండేది. అక్టోబరులో నాకూ ఒక గుడ్డ, నూనె డబ్బా ఇచ్చింది మార్గరెట్. నా చేత్తో రుద్దితే చెక్క రంగు తేలడం చూస్తుంటే ఈయన ఇన్నాళ్లూ ఏ సుఖం పడ్డారో అర్థమైంది. వానకి ఉబ్బిన సింహద్వారం మా ఆయన భుజంతో తోసినా ఓ పట్టాన కదిలేది కాదు. నేను అరచేత్తో తోస్తే తెరుచుకునేది. వాతావరణం అనేవారాయన. రెండోసారి, మూడోసారి అయ్యాక ఆ మాట కూడా అనలేదు.

హీటింగ్ వేశారు. మంచు పడింది. గాజు నిలిచింది. సంతకాలయ్యాయి. కాటేజీ వద్దని ట్రస్టు వాళ్లకి ఆయనే చెప్పారు. నేను గెలిచాను అనుకున్నాను.

డిసెంబరులో, వెళ్లేముందు ఒక ఉదయం, చెప్పి రావడానికి మేనర్‌కి వెళ్లాం. మా ఆయన ప్రతి గదీ తిరిగారు. దూలాలు తట్టారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు కూడా, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆయన ముందుగా దిగి వెళ్లి కార్ స్టార్ట్ చేశారు. నేను మార్గరెట్‌తో రెండు మాటలు మాట్లాడి, ఆవిణ్ణి గ్యాలరీలోనే వదిలి కిందికొచ్చాను. గడప దాటాను.

వెనక పైనుంచి మార్గరెట్ కేక వినబడింది. కిటికీ తెరిచి చేతులూపుతోంది. ఇద్దరం పరుగెత్తుకుంటూ పైకెళ్లాం. గాజు పట్టీలు అన్నీ పగిలిపోయి ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, వరసగా పగిలాయని చెప్పింది మార్గరెట్. సరిగ్గా నేను గుమ్మం దాటుతుండగా.

మా ఆయన వెంటనే బీట కొలిచారు. మళ్లీ కొలిచారు. పాత కొలతకీ దానికీ తేడా లేదు. గోడ కదల్లేదు. గోడ కదలకుండా గాజు ఎలా పగిలిందో ఆయన చెప్పలేకపోయారు. మర్నాడు వచ్చిన కంపెనీ పెద్దాయన కూడా చెప్పలేకపోయారు. మరమ్మతులో లోపం లేదని రాసిచ్చి వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత హ్యూస్టన్‌కి కార్‌లోనే బయల్దేరాం. పెన్సిల్వేనియా దాటాక మా ఆయన అన్నారు.

"రెండేళ్లు రోజూ సాయంత్రం నేను ఆ గుమ్మం దిగి ఇంటికొచ్చేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఒక్క గాజు పగల్లేదు. ఆ చివరి రోజు నీకంటే ముందు నేను దిగినప్పుడూ పగల్లేదు."

ఆయన ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఆ ఏడాదంతా నేను అద్దంలో చూసుకున్నది అదే.

నేను చేసిన పరీక్షలో తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి ఉంటే గాజు పగులుతుందని తేల్చాను. మా ఇద్దరిలో ఎవరికోసం పగులుతోందో చూడలేదు. ఆయన కోసమే అని నాకు నేనే అనుకున్నాను. పసుపు రాసినందుకు నన్ను ఒప్పుకుందా, లేక మొదటి ఆదివారం నుంచీ దానికి కావలసింది నేనేనా? ఆ కోటీశ్వరుడి భార్య ఏం చూసి అందులో ఉండనంది? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఏ ప్రశ్నకి జవాబు చెప్పుకున్నా ఇంకోదానికి పొసగదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

హ్యూస్టన్‌లో మాకు బాగానే జరిగింది. మార్గరెట్ ఏటా క్రిస్మస్ కార్డు పంపేది. గోడ బాగుందని, గడప మీద పసుపు మాత్రం ఎండకి వెలిసిపోలేదని, ఒకసారి వచ్చి చూడమని రాసేది. నాకు వెళ్లాలని ఉంటుంది, దాచడమెందుకు. ఎప్పుడడిగినా మా ఆయన, ఇప్పుడెందుకులే అంటారు. పోనీ మీరు రాకపోతే మానేయండి, నేనొక్కదాన్నే వెళ్లొస్తానంటే మాత్రం అసలు ఒప్పుకోరు.